రేడియల్ ఆర్మ్ రంపం

రేడియల్ ఆర్మ్ రంపం కలపను కోయటానికి వాడే ఒక విద్యుత్ యంత్రం. నిలువు స్తంభం మీద అమర్చిన ఒక అడ్డభుజం, ఆ భుజం కింద ముందుకూ వెనక్కూ జరిగే మోటారు, మోటారు ఇరుసుకు నేరుగా బిగించిన గుండ్రని రంపపు బ్లేడు ఇందులోని ముఖ్య భాగాలు. అడ్డకోత కోసేటపుడు చెక్క బల్ల మీద కదలకుండా ఉంటుంది, రంపమే దాని మీదుగా కదిలి కోస్తుంది. ఈ యంత్రాన్ని అమెరికాకు చెందిన రేమండ్ డివాల్ట్ 1922లో రూపొందించాడు. 1950ల నుండి 1980ల వరకు అమెరికా, కెనడా దేశాలలో ఇంటి వద్ద వడ్రంగం చేసేవారి పనిగదుల్లో ఇది విరివిగా కనిపించేది. ఒకే యంత్రంతో అనేక రకాల కోతలు కోయగలగటం దీని ప్రత్యేకత. అయితే దీనిని వాడుతూ వేళ్ళు, చేతులు పోగొట్టుకున్నవారు కూడా ఉన్నారు. 2000 సంవత్సరంలో అమెరికాలో ఒకే తయారీదారుకు చెందిన సుమారు 37 లక్షల రంపాలపై భద్రతా కారణాలతో రీకాల్ ప్రకటించవలసి వచ్చింది.

పేరు

రేడియస్ అంటే వృత్త వ్యాసార్థం. ఈ యంత్రపు భుజం స్తంభాన్ని కేంద్రంగా చేసుకొని, వృత్తంలో వ్యాసార్థం తిరిగినట్లు అటూ ఇటూ తిరుగుతుంది కనుక ఈ పేరు వచ్చింది. తెలుగులో దీనికి స్థిరపడిన పేరు లేదు. ఆర్మ్ అనే మాటకు చేయి అని అర్థం చెప్పి "చేతి రంపం" అంటే చేత్తో కోసే మామూలు రంపమనే అర్థమే స్ఫురిస్తుంది. అందువలన ఈ వ్యాసంలో ఇంగ్లీషు పేరునే ఉంచి, భాగాలకు మాత్రం వీలైనంతవరకు తెలుగు మాటలు వాడటమైనది.

చరిత్ర

రేమండ్ డివాల్ట్ న్యూజెర్సీ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌టన్ పట్టణంలో ఒక కలప మిల్లులో పనిచేసేవాడు. అప్పటికి వాడుకలో ఉన్న బల్లరంపంలో బ్లేడు బల్ల కింద నుండి పైకి పొడుచుకొని ఉంటుంది, చెక్కను దాని మీదికి నెట్టాలి. పొడవైన దూలాన్నో, బరువైన పలకనో అడ్డంగా కోయవలసి వచ్చినపుడు ఆ పొడవంతటినీ ఒక వైపు నుండి మరో వైపుకు వంకర పోకుండా నెట్టటం శ్రమతో కూడిన పని. డివాల్ట్ ఈ ఏర్పాటును తలకిందులు చేశాడు. మోటారును, బ్లేడును బల్లకు పైన ఒక భుజానికి వేలాడదీసి, చెక్కను ఉన్నచోటనే ఉంచి రంపాన్ని లాగే పద్ధతిని తెచ్చాడు. తన యంత్రానికి "వండర్ వర్కర్" అని పేరు పెట్టాడు. 1923లో పేటెంటుకు దరఖాస్తు చేయగా 1925లో అది మంజూరయింది. 1924లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లియోలాలో డివాల్ట్ ప్రొడక్ట్స్ కంపెనీ ఏర్పడింది. తరువాత ఈ సంస్థ అదే రాష్ట్రంలోని లాంకాస్టర్‌కు తరలింది.

మొదట ఇది పరిశ్రమలకు, గృహ నిర్మాణ స్థలాలకు ఉద్దేశించిన యంత్రం. 1949లో అమెరికన్ మెషిన్ అండ్ ఫౌండ్రీ సంస్థ డివాల్ట్ కంపెనీని కొన్నది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అమెరికాలో నగర శివార్లలో సొంత ఇళ్ళు పెద్ద సంఖ్యలో వెలిశాయి. కారు నిలిపే గది ఒకటి, నేలమాళిగ ఒకటి దొరికిన గృహస్థులకు సెలవు రోజుల్లో అలమరలు, బల్లలు సొంతంగా చేసుకోవటం ఒక వ్యాపకమైంది. వీరిని దృష్టిలో పెట్టుకొని 1950లలో చిన్న నమూనాలు వచ్చాయి. ఇవి గోడకు ఆనించి పెట్టుకోగలిగినవి, మామూలు ఇంటి కరెంటుతో నడిచేవి. 1960లో బ్లాక్ అండ్ డెక్కర్ సంస్థ డివాల్ట్‌ను కొనుగోలు చేసింది. సియర్స్ దుకాణాలు "క్రాఫ్ట్స్‌మన్" పేరుతో, ఎమర్సన్ సంస్థ తయారుచేసిన రంపాలను లక్షల సంఖ్యలో అమ్మాయి. నేడు అమెరికాలో పాతసామాను అమ్మకాల్లో కనిపించే రంపాల్లో ఎక్కువ భాగం ఈ క్రాఫ్ట్స్‌మన్ రంపాలే.

1980ల చివరి నాటికి ఈ వైభవం తగ్గింది. 1989లో బ్లాక్ అండ్ డెక్కర్ సంస్థ రేడియల్ ఆర్మ్ రంపాల విభాగాన్ని వదులుకోగా, దాని నుండి అయోవా రాష్ట్రంలోని బ్రిట్ పట్టణంలో ఒరిజినల్ సా కంపెనీ ఏర్పడి, పారిశ్రామిక రంపాల తయారీని కొనసాగించింది. డివాల్ట్ అనే పేరు మాత్రం పసుపుపచ్చ రంగు డ్రిల్లులు, చేతి యంత్రాల పేరుగా లోకమంతటికీ పరిచయమైంది. ఆ పేరుగల మనిషి చేసినది ఏ యంత్రమో తెలిసినవారు నేడు తక్కువ.

నిర్మాణం

బల్ల వెనుక భాగంలో ఒక బలమైన ఉక్కు స్తంభం ఉంటుంది. దానిని చేతిమరతో తిప్పి పైకి, కిందికి జరపవచ్చు. బ్లేడు ఎంత లోతు దిగాలో దీనితోనే నిర్ణయిస్తారు. స్తంభం తలపై నుండి బల్ల మీదుగా ముందుకు చాచుకొని ఉండేదే భుజం. దీనిని కుడి ఎడమలకు తిప్పి కావలసిన కోణం వద్ద బిగించవచ్చు. 90, 45 డిగ్రీల వంటి తరచుగా వాడే కోణాల వద్ద అది తనంతట తాను పడి ఆగే గుంటలు ఉంటాయి.

భుజం అడుగున పట్టాల వంటి గాళ్ళలో చిన్న చక్రాలు లేదా బేరింగుల మీద నడిచే బండి ఉంటుంది. బండికి కింద వేలాడే పనిముక్కను ఇంగ్లీషులో యోక్ అంటారు, అంటే కాడి. ఎద్దుల మెడ మీద కాడి ఎలా రెండు వైపులా పట్టి ఉంచుతుందో ఇది మోటారును అలా రెండు వైపులా పట్టి ఉంచుతుంది. కాడిని బండి కింద అడ్డంగా తిప్పవచ్చు, కాడిలో మోటారును పక్కకు వంచవచ్చు. భుజం తిరగటం, బండి జరగటం, కాడి తిరగటం, మోటారు వాలటం, స్తంభం లేవటం అనే ఈ అయిదు కదలికల కలయికతోనే ఈ యంత్రం అన్ని రకాల కోతలనూ కోయగలుగుతున్నది. దీని బలహీనత కూడా ఇక్కడే ఉంది. కదిలే ప్రతి కీలూ కొంత వదులయ్యే కీలే. ఒక్కొక్క చోట వెంట్రుకవాసి తేడా వచ్చినా అన్నీ కలిసి బ్లేడు దగ్గరకు వచ్చేసరికి స్పష్టంగా కనబడే తేడా అవుతుంది.

ఇళ్ళలో వాడేవాటిలో సాధారణంగా 10 అంగుళాల బ్లేడు, ఒకటి నుండి ఒకటిన్నర అశ్వశక్తి గల మోటారు ఉంటాయి. అమెరికాలోని 60 హెర్ట్జ్ విద్యుత్తుపై ఇటువంటి మోటారు నిమిషానికి సుమారు 3,450 చుట్లు తిరుగుతుంది. లెక్కవేస్తే 10 అంగుళాల బ్లేడు అంచున ఉన్న పన్ను సెకనుకు దాదాపు 46 మీటర్లు, అనగా గంటకు 165 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. ప్రమాదాలను గురించి చదివేటపుడు ఈ అంకెను గుర్తుంచుకోవటం మంచిది. చెక్కలో బ్లేడు ఇరుక్కున్న తరువాత చేయి వెనక్కు తీసుకునే వ్యవధి ఏ మనిషికీ ఉండదు.

బల్లకు అడ్డంగా, చెక్కను ఆనించటానికి నిలిపిన పట్టీని ఫెన్స్ అంటారు. బల్ల పైభాగము, ఫెన్స్ రెండూ చెక్కతోనే చేస్తారు. బ్లేడు ప్రతి కోతలోనూ బల్లలోకి కొద్దిగా దిగి గాటు పెడుతుంది కనుక ఇవి అరిగిపోయే వస్తువులు. వీటిని ఎప్పటికప్పుడు మార్చుకోవాలి. చాలామంది అసలు బల్ల మీద పలుచని మరో పలకను మేకులతో బిగించి, అది పాడయినపుడు దానిని మాత్రమే తీసివేస్తారు. మేకులు బ్లేడు దారిలో పడకుండా చూసుకోవాలని వేరే చెప్పనవసరం లేదు.

ఉపయోగాలు

దీనికి సాటిలేని పని అడ్డకోత. పొడవైన పలకను బల్ల మీద పెట్టి, ఫెన్స్‌కు ఆనించి, గీసిన గీత దగ్గర బ్లేడును లాగితే చాలు. గీత పైకే ఉంటుంది కనుక బ్లేడు ఎక్కడ పడుతున్నదో కంటికి కనిపిస్తుంది. ఫెన్స్‌కు ఒక దిమ్మెను బిగించి, దానికి తాకేలా ఒకదాని తరువాత ఒకటి పెట్టి కోస్తే ఎన్ని ముక్కలైనా ఒకే పొడవు వస్తాయి. రెండు పక్కలా పొడవైన ఆనుడు బల్లలు కట్టుకుంటే పదహారు అడుగుల పలకను కూడా ఒక్కరే కోయవచ్చు.

గాళ్ళు తీయటం దీని రెండవ బలం. మామూలు బ్లేడుకు బదులు వెడల్పు బ్లేడుల కట్టను బిగించి, చెక్క మందంలో కొంత లోతుకే దిగేటట్లు స్తంభాన్ని నిలిపి లాగితే వెడల్పాటి గాడి వస్తుంది. పుస్తకాల అలమరలో అరలు దిగే గాళ్ళు ఇటువంటివే. బల్లరంపం మీద అయితే గాడి చెక్క అడుగున పడుతుంది, పూర్తయ్యేవరకు ఏమి జరుగుతున్నదో కనిపించదు. ఇక్కడ పైన పడుతుంది కనుక గుర్తు పెట్టిన చోటికే వచ్చిందో లేదో చూస్తూ కోయవచ్చు. రెండు పలకల్లో సగం సగం మందం తీసివేసి ఒకదానిలో ఒకటి కూర్చే అతుకులకు కూడా ఇది అనువైనది.

భుజాన్ని తిప్పితే చట్రాల మూలలకు కావలసిన 45 డిగ్రీల కోత, మోటారును వంచితే అంచుకు వాలుకోత, రెండూ కలిపితే సంయుక్త కోత వస్తాయి. కాడిని 90 డిగ్రీలు తిప్పి బ్లేడును ఫెన్స్‌కు సమాంతరంగా నిలిపితే నిలువుకోత, అనగా పలకను పొడవునా చీల్చే కోత కోయవచ్చు. ఇవిగాక బ్లేడు తీసివేసి ఇరుసుకు గరుకుకాగితపు బిళ్ళ, నగిషీ పట్టెలు తీసే కత్తుల తల, డ్రిల్లు వంటివి బిగించే ఉపకరణాలను తయారీదారులు అమ్మారు. ప్రకటనలలో ఇది ఒక్కటుంటే పనిశాల అంతా ఉన్నట్లే అని చెప్పేవారు. వాస్తవానికి ఈ అదనపు పనుల్లో చాలావాటికి వేరే యంత్రాలే మెరుగు. ఇరుసుకు నగిషీ కత్తుల తల బిగించి ఇంట్లో పనిచేయటం లాభానికి మించిన ప్రమాదం అనే చెప్పాలి.

బ్లేడు తిరిగే దిశ - రెండు ప్రమాదాలు

ఈ యంత్రపు ప్రమాదాలను అర్థం చేసుకోవాలంటే బ్లేడు ఎటు తిరుగుతుందో చూడాలి. అడ్డకోతలో పనివాని వైపున ఉన్న పళ్ళు పై నుండి కిందికి దిగి, బ్లేడు అడుగున ఫెన్స్ వైపుకు పోతాయి. దీని వలన చెక్క బల్లకూ ఫెన్స్‌కూ ఒత్తుకొని కదలకుండా ఉంటుంది. ఇది మేలు. కాని ప్రతి చర్యకూ ప్రతిచర్య ఉంటుందనే న్యూటన్ సూత్రం ప్రకారం, పళ్ళు చెక్కను వెనక్కు నెట్టినంత బలంతో చెక్క పళ్ళను ముందుకు, అనగా పనివాని మీదికి నెడుతుంది. బ్లేడు చక్రంలా చెక్క మీదికి ఎక్కి దొర్లాలని చూస్తుంది. మందమైన కలప, మొద్దుబారిన బ్లేడు, వదులైన బండి ఈ మూడూ కలిసినపుడు రంపం ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. మోటారు దానిని కోయలేక ఆగిపోవచ్చు, లేదా బండి భుజం చివరిదాకా దూసుకురావచ్చు. ఆ దారిలో చేయి ఉంటే తెగుతుంది.

కొత్తగా నేర్చుకునేవారు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. "రంపాన్ని లాగాలి" అన్న మాట విని నిజంగానే లాగుతారు. అలవాటైనవారు చేసేది దాదాపు దీనికి వ్యతిరేకం. మోచేయి వంచకుండా చేతిని బిగువుగా చాచి పిడిని పట్టుకొని, తనంతట తాను రాబోయే రంపాన్ని ఆపుతూ, శరీరాన్ని మెల్లగా వెనక్కు తీసుకుంటూ, అది ఎంత వేగంగా రావాలో తామే నిర్ణయిస్తారు. పగ్గం బిగించి పట్టి వాలులో బండిని దింపటం వంటిదే ఇది.

బ్లేడు ఎంపిక కూడా ఇందులో భాగమే. పన్ను ముఖం ముందుకు వాలిన కోణాన్ని కొక్కెపు కోణం అనవచ్చు. బల్లరంపపు బ్లేడులలో ఇది 15 నుండి 20 డిగ్రీల వరకు ఉంటుంది, పళ్ళు కొక్కేల్లా చెక్కను లాక్కుంటాయి. దానినే తెచ్చి రేడియల్ ఆర్మ్ రంపానికి బిగిస్తే పైన చెప్పిన దూకుడు ఎక్కువవుతుంది. దీనికి కొక్కెపు కోణం సున్నాకు దగ్గరగా, లేదా సున్నా కంటే తక్కువగా, సుమారు మైనస్ 5 డిగ్రీలు ఉన్న బ్లేడు వాడాలి. అటువంటి బ్లేడు చెక్కను లాక్కోదు, గీకినట్లు కోస్తుంది. ఈ యంత్రానికి చెడ్డపేరు రావటానికి తగని బ్లేడులు కూడా కొంత కారణం.

రెండవ ప్రమాదం నిలువుకోతలో ఉంది. ఇది మొదటిదానికంటే తీవ్రమైనది. ఇక్కడ బ్లేడు నిలిచి ఉంటుంది, చెక్కను చేత్తో నెట్టాలి. సరైన పద్ధతిలో చెక్కను బ్లేడు తిరిగే దిశకు ఎదురుగా నెడతారు. అపుడు పళ్ళు పనివాని వైపు వస్తూ, చెక్కలోకి కింద నుండి ప్రవేశించి పైకి లేస్తాయి. బల్లరంపంలో ముందరి పళ్ళు చెక్కను బల్లకేసి అదుముతాయి. ఇక్కడ అందుకు భిన్నంగా చెక్కను పైకి లేపుతాయి. అందువలన బ్లేడు తొడుగు ముక్కును చెక్క పైభాగానికి దాదాపు తాకేంతవరకు దించి ఉంచాలి. చెక్క వెనక్కు ఎగిరిరాకుండా పట్టే ఉక్కు గోళ్ళు, కోసిన చీలిక మూసుకొని బ్లేడును నొక్కకుండా నిలిపే రేకు బ్లేడుకు అవతలి వైపున ఉంటాయి. వాటిని ప్రతి చెక్క మందానికీ సరిచేసుకోవాలి.

చెక్కను పొరపాటున అవతలి వైపు నుండి, అంటే పళ్ళు పోయే దిశలోనే నెడితే ఏమవుతుంది? పళ్ళు దానిని అందుకొని ఒక్క లాగు లాగుతాయి. పలక బాణంలా రెండవ వైపుకు దూసుకుపోతుంది. నెడుతున్న చేయి దానితోపాటే బ్లేడులోకి పోతుంది. అవతల ఎవరైనా నిలబడి ఉంటే ఆ పలక వారికి తగులుతుంది. కాడిని ఎటు తిప్పితే చెక్కను ఎటు నుండి నెట్టాలో మారుతుంది కనుక ఈ పొరపాటు అనుభవం ఉన్నవారికి కూడా జరగవచ్చు. అందుకే అమెరికా వృత్తి భద్రతా నిబంధనల ప్రకారం, పనిస్థలాల్లో వాడే రంపపు తొడుగు వెనుక వైపున "ప్రమాదం: ఈ కొస నుండి చీల్చవద్దు" అనే అర్థం వచ్చే చీటీ శాశ్వతంగా అంటించి ఉండాలి. బ్లేడు తిరిగే దిశ కూడా తొడుగు మీద గుర్తించి ఉండాలి. ఇంట్లో బల్లరంపం ఉన్నవారు నిలువుకోతలకు దానినే వాడి, రేడియల్ ఆర్మ్ రంపాన్ని అడ్డకోతలకు మాత్రమే ఉంచుకోవటం వివేకం.

2000 నాటి రీకాల్

పాత రంపాలలో తొడుగు బ్లేడు పై సగాన్ని మాత్రమే కప్పేది. కింది సగం, అనగా వేళ్ళకు దగ్గరగా ఉండే సగం, తెరిచే ఉండేది. 2000 నవంబరులో అమెరికా ప్రభుత్వ వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్, ఎమర్సన్ టూల్ కంపెనీ కలిసి, 1958 నుండి 1992 వరకు అమ్ముడయిన క్రాఫ్ట్స్‌మన్ రంపాలలో మొత్తం బ్లేడును కప్పే తొడుగు లేనివాటి మీద రీకాల్ ప్రకటించాయి. వీటి సంఖ్య సుమారు 37 లక్షలు. గాయాలకు సంబంధించి 300కు పైగా ఫిర్యాదులు అందినట్లు అపుడు తెలిపారు. వేళ్ళు, చేతులు తెగిపోవటం వాటిలో ఉన్నాయి. ఎగిరివచ్చిన చెక్క తగిలి ఒకరు మరణించారు.

అమర్చటానికి వీలున్న నమూనాలకు కొత్త తొడుగును, దానికి తగిన కొత్త బల్లను ఉచితంగా పంపారు. వీలులేని నమూనాల యజమానులు మోటారు బండిని తిరిగి పంపితే 100 డాలర్లు ఇచ్చారు. మోటారు పోయిన రంపం ఇక రంపం కాదు కనుక, ప్రమాదకరమైన యంత్రం మరొకరి చేతికి పోకుండా చేయటమే దీని ఉద్దేశం. ఇక్కడ గమనించవలసినది కాలం: కొన్ని రంపాలు అమ్ముడయిన నలభై ఏళ్ళకు గాని వాటికి సరైన తొడుగు రాలేదు. ఈలోగా అవి తండ్రి నుండి కొడుకుకు, ఒక ఇంటి నుండి మరో ఇంటికి చేరాయి. వాటితో వచ్చిన సూచనల పుస్తకాలు చాలావరకు చేరలేదు.

పనిస్థలాలకు వర్తించే నిబంధనలు దీనికంటే ముందునుంచే కఠినంగా ఉన్నాయి. వాటి ప్రకారం పై తొడుగు బ్లేడు పైభాగాన్ని ఇరుసు కొన వరకు పూర్తిగా కప్పాలి. కింది భాగపు పక్కలను చెక్క మందాన్ని బట్టి తనంతట తాను లేచి దిగే తొడుగు కాపాడాలి. బండి అవసరానికి మించి ముందుకు రాకుండా ఆపు ఉండాలి. యంత్రం ముందు భాగం వెనుక భాగం కంటే కొద్దిగా ఎత్తుగా ఉండాలి. అపుడు చేయి వదిలితే బండి తనంతట తాను మెల్లగా వెనక్కు పోతుంది. ఈ నిబంధనలు ఉద్యోగులు పనిచేసే చోట్లకే గాని సొంత ఇంట్లో పని చేసుకునేవారికి వర్తించవు. అయినా బల్ల కాళ్ళ కింద పలుచని చెక్కపేడు పెట్టి ముందు భాగాన్ని కొద్దిగా లేపుకోవటానికి ఖర్చేమీ లేదు.

వాడకంలో జాగ్రత్తలు

చెక్కను పట్టుకునే చేయి బ్లేడు దారికి కనీసం ఆరు అంగుళాల దూరంలో ఉండాలి. ఒక చేతి మీదుగా మరో చేతిని దాటించి పట్టుకోకూడదు. చేతితో పట్టటానికి వీలులేనంత చిన్న ముక్కను బిగింపుతో ఫెన్స్‌కు బిగించి కోయాలి, లేదా పెద్ద పలకగా ఉన్నపుడే కోసుకోవాలి. కోత పూర్తయిన వెంటనే రంపాన్ని ఫెన్స్ వెనక్కు నెట్టి, బ్లేడు ఆగిన తరువాతనే ముక్కలను తీయాలి. స్విచ్ ఆపిన తరువాత కూడా బ్లేడు కొన్ని సెకన్ల పాటు తిరుగుతూనే ఉంటుంది. శబ్దం తగ్గగానే ఆగిపోయిందనుకొని చేయి పెట్టి గాయపడినవారు ఉన్నారు. కొన్ని నమూనాలలో బ్లేడును త్వరగా ఆపే బ్రేకు ఉంటుంది.

వంకర తిరిగిన పలకను పెట్టేటపుడు, కోసే చోట అది బల్లకూ ఫెన్స్‌కూ ఆని ఉండేలా తిప్పి పెట్టాలి. అక్కడ ఖాళీ ఉంటే కోత పూర్తవుతుండగా రెండు ముక్కలూ లోపలికి వాలి బ్లేడును నొక్కి పట్టుకుంటాయి. ఫెన్స్ మూలలో చేరే రంపపు పొట్టును ప్రతి కోతకు ముందు బ్రష్షుతో తుడవాలి. ఆ పొట్టు చెక్కను ఫెన్స్ నుండి ఎడంగా నెట్టి కోణాన్ని కూడా చెడగొడుతుంది. నిలువుకోతలో చివరి అడుగు దూరం చేత్తో కాక తోపుడు కర్రతో నెట్టాలి. పొడవైన చేతుల చొక్కా, వేలాడే గొలుసు, ఉంగరం, చేతి తొడుగులు ఇవేవీ తిరిగే బ్లేడు దగ్గర ఉండరాదు. చేతి తొడుగు రక్షణ అని చాలామంది అనుకుంటారు. కాని పళ్ళు గుడ్డను అందుకుంటే దానితోపాటు చేతిని కూడా లోనికి లాగుతాయి.

కళ్ళకు అద్దాలు, చెవులకు శబ్దం తగ్గించే తొడుగులు అవసరం. కలప ధూళి విషయంలో ఈ యంత్రం ప్రత్యేకించి చెడ్డది; పొట్టును వెనక్కు, పైకి అన్ని వైపులకూ చిమ్ముతుంది. కలప ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. బ్లేడు వెనుక పెట్టెలాంటి గూడు కట్టి దానికి ధూళిని పీల్చే యంత్రాన్ని తగిలించటం వలన చాలావరకు తగ్గుతుంది. ముక్కుకు తగిన మాస్కు కూడా వాడాలి. బ్లేడు మార్చేటపుడు, కోణాలు సరిచేసేటపుడు ప్లగ్గు పీకివేయాలి, స్విచ్ ఆపితే చాలదు.

వేలు తెగిపడిన సందర్భంలో మొదట గాయంపై శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి రక్తాన్ని ఆపాలి. తెగిన వేలిని తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, నీరు చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని మంచు కలిపిన నీటిలో ఉంచి బాధితునితోపాటు ఆసుపత్రికి పంపాలి. వేలిని నేరుగా మంచుగడ్డల మీద పెట్టరాదు. అలా పెడితే కణజాలం గడ్డకట్టి దెబ్బతిని తిరిగి అతికే అవకాశం పోతుంది.

సరిచూసుకోవటం

ఈ రంపం సరిగా కోయదనే ఫిర్యాదు తరచుగా వినబడుతుంది. సరిచూసుకోకుండా వాడితే ఆ ఫిర్యాదు నిజమే. వరుస తప్పకుండా సరిచేయాలి, ఎందుకంటే ముందరిది తప్పయితే తరువాతివన్నీ తప్పవుతాయి. మొదట బల్ల నాలుగు మూలలా భుజానికి సమాన దూరంలో ఉండాలి. పిమ్మట భుజం ఫెన్స్‌కు లంబంగా ఉన్నదో లేదో వెడల్పాటి మూలమట్టం పెట్టి, ఒకే పన్ను దాని అంచు వెంబడి సాగుతున్నదో లేదో చూడాలి. ఆ తరువాత బ్లేడు బల్లకు లంబంగా ఉండేలా మోటారును నిలపాలి. చివరిది చాలామంది మరచిపోయేది: బ్లేడు తాను జరిగే దారికి సమాంతరంగా ఉండాలి. కాడి కొద్దిగా మెలిపడి ఉంటే వెనుక పళ్ళు ముందు పళ్ళు పోయిన దారిలో పోక పక్కగా గీసుకుంటాయి. కోసిన అంచు కాలినట్లు నల్లబడటం, పీచు లేచిపోవటం దీని గుర్తులు. చెక్క పట్టుకొని రంపం దూకటానికి కూడా ఇది ఒక కారణం. అందుచేత ఈ సర్దుబాటు నునుపు కోసమే కాదు, భద్రత కోసం కూడా.

"మిస్టర్ సాడస్ట్" అనే పేరుతో ప్రసిద్ధుడైన వాలీ కుంకెల్ ఈ యంత్రంపై రాసిన పుస్తకాన్ని పాత రంపాల అభిమానులు ప్రామాణికంగా భావిస్తారు.

వాడుక తగ్గటం

ధర తగ్గించే పోటీలో 1970లు, 80లలో ఇళ్ళ కోసం చేసిన నమూనాలు తేలికైనాయి. పోత ఇనుప భుజాల స్థానంలో పలుచని లోహపు భాగాలు వచ్చాయి, అవి ఒకసారి సరిచేసిన కోణంలో ఎక్కువ కాలం నిలవలేదు. అదే సమయంలో మైటర్ రంపాలు చవకగా దొరకసాగాయి. 1980లలో వచ్చిన జారుడు మైటర్ రంపం మరింత వెడల్పు పలకలను కోయగలిగింది. ఇందులో రంపాన్ని ముందుగా తన వైపు తెచ్చుకొని, చెక్కలోకి దించి, ఫెన్స్ వైపు నెడతారు కనుక రంపం మీదికి దూకే గుణం ఉండదు. చేత పట్టుకొని పనిస్థలానికి తీసుకుపోవచ్చు కూడా. బల్లరంపాల విషయంలో మనిషి చర్మం తగలగానే బ్లేడును క్షణంలో ఆపే సాధనాన్ని స్టీవ్ గ్యాస్ 1999లో కనిపెట్టాడు, సాస్టాప్ పేరుతో అటువంటి రంపాలు 2004 నుండి అమ్మకానికి వచ్చాయి. ఇళ్ళలోని పాత రేడియల్ ఆర్మ్ రంపాలకు అటువంటి సాధనం లేదు. అయితే కలప దుకాణాలలో, పొడవైన దూలాలను వరుసగా అడ్డంగా కోసే చోట్ల, పెద్ద రేడియల్ ఆర్మ్ రంపాలు వాడుకలో ఉన్నాయి.

పాత రంపం కొనేటపుడు

అమెరికాలో ఈ రంపాలు పాతసామాను అమ్మకాల్లో చాలా తక్కువ ధరకు, కొన్నిసార్లు ఉచితంగా కూడా దొరుకుతాయి. 1950లు, 60లలో వచ్చిన పోత ఇనుప భుజం గల డివాల్ట్ రంపాలను కోరి వెతికి కొనేవారు ఉన్నారు. కొనే ముందు భుజాన్ని బిగించి దాని కొనను పక్కలకు ఊపి చూడాలి, స్తంభం దగ్గర కదలిక ఉండరాదు. బండి పట్టాలు అరగకుండా ఉండాలి. తొడుగు, ఉక్కు గోళ్ళు, చీలిక రేకు ఉన్నాయో లేవో చూడాలి. వెనుకటి యజమానులు అడ్డమని తీసి పారవేసేవి ఎక్కువగా ఇవే. విద్యుత్ తీగల పూత పెళుసుబారి ఉంటే మార్పించాలి.

భారతదేశానికి తెచ్చుకోదలచినవారు విద్యుత్తు తేడాను గమనించాలి. ఇక్కడి 230 వోల్టులు, 50 హెర్ట్జ్ విద్యుత్తుకు, అక్కడి 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజీని సరిచేయవచ్చు గాని హెర్ట్జ్ మారదు. అందువలన మోటారు వేగం ఆరింట అయిదు వంతులకు, అంటే నిమిషానికి సుమారు 2,875 చుట్లకు తగ్గుతుంది, మోటారు ఎక్కువగా వేడెక్కుతుంది. ఇరుసుకు బ్లేడు నేరుగా బిగించి ఉండటం వలన కప్పీలు మార్చి వేగాన్ని సరిచేసే అవకాశం కూడా ఇందులో లేదు.